బెల్లం పేరంటాలు

దాలెమ్మకి పన్ను మీద పన్ను. నవ్విందంటే ముందు ఆ పన్ను కనపడేది, మొహం తరవాత. మా నీలివలసలో గవిరయ్య అని బెల్లం వండేవాడు ఉండేవాడు, అతని పెళ్ళాం. గవిరయ్య పైన పెనం దగ్గర తెడ్డు పట్టుకుని నిలబడితే, ఈవిడ కింద పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి ఎగదోసేది. రోజంతా పొగలోనే. కళ్ళు ఎర్రగా, చేతులు నల్లగా, అయినా నోరు మూతపడేది కాదు, ఏదో ఒకటి అని నవ్వుతూనే ఉండేది. మీలో కొందరు చూసే ఉంటారు ఆవిణ్ణి. లేదంటారా? చూశారు. మీ ఇళ్ళల్లో అందరూ చూశారు. మీ వంటింటి గూట్లో ఇప్పుడు కూడా ఉంటుంది, వెళ్ళి చూసుకోండి. పసుపు రాసుకున్న మొహం, కాసంత బొట్టు, ముక్కుకి నత్తు, పచ్చ చీర. ముత్తైదువ మార్కు బెల్లం. ఆ ముత్తైదువే మా దాలెమ్మ. కాదు తాతా, ఎవరో పట్నం ఆడమనిషి బొమ్మ అని మొన్న ఒక కుర్రాడు నాతో వాదనకి దిగాడు. నాతో వాదన పెట్టుకుని గెలిచినవాళ్ళు తక్కువ. చెప్పేది వినండి.

ఏమైందంటే, పట్నం నుంచి వరహాలశెట్టి అని బెల్లం షావుకారు వచ్చాడంట. అదివరకు మా బెల్లం దిమ్మలుగా చుట్టి బళ్ళమీద పోయేది. ఇతను దాన్ని పొడి చేసి, పేకెట్లలో పోసి అమ్ముదామనుకున్నాడు. పేకెట్టు అన్నాక దానిమీద బొమ్మ ఉండాలి కదా. వెంట ఫొటోలు తీసేవాణ్ణి తెచ్చుకున్నాడు. వాడు చెరకు తోట తీశాడు, గానుగ తీశాడు, పెనం మీద పొంగుతున్న పాకం తీశాడు, శెట్టికి ఏదీ నచ్చలేదంట. ఇంతలో దాలెమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, చెంగుతో మొహం తుడుచుకుంటూ ఉంటే, పైనుంచి గవిరయ్య ఏదో అన్నాడు, ఈవిడ తలెత్తి నవ్వింది. అదీ, ఇదే మొహం అన్నాడు శెట్టి. అప్పుడు ఇంకేముంది, ఆవిణ్ణి కూచోబెట్టి మొహం కడిగించి పసుపు రాయించారు. రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టించారు. నత్తు కరణంగారింట్లోంచి అడిగి తెచ్చారు, చీర శెట్టే తెచ్చాడు. నవ్వమ్మా అన్నారు. నవ్వమంటే నవ్వు రాదు కదా, గవిరయ్యని ఎదురుగా నిలబెట్టారంట. అప్పుడు వచ్చింది. తరవాత పట్నంలో బొమ్మలవాడు ఆ పై పన్నుని చెరిపేసి, పలువరస సరిచేశాడు. అది వేరే సంగతి. కానీ గుర్తుంచుకోండి, ఆ పన్ను లేకపోవడం కూడా ఆవిడ కొంప ముంచింది.

పేకెట్లు వచ్చాయి. మా ఊళ్ళో ఆడవాళ్ళకి ఒకటే వేళాకోళం. ఒలే దాలీ, ఇవాళ నిన్ను పరమాన్నంలో ఏసీసినాం అని ఒకర్తె. నిన్ను మా అటక మీద పెట్టి మూతేసినాను, చీమలు పడతాయని అని ఇంకొకర్తె. గవిరయ్య అయితే, అందరి ఇళ్ళల్లోనూ నా పెళ్ళామే ఉంది, నా ఇంట్లోనే నేదు, ఎప్పుడు చూసినా పొయ్యి కాడే ఉంటాది అనేవాడు. వేళాకోళం అలా ఉన్నా, మర్యాద కూడా వచ్చిందనుకో. పెళ్ళికి పసుపు దంచాలంటే మొదటి రోకలి పోటు దాలెమ్మదే. ఎవరి పిల్లకి సీమంతం చేసినా, మొదటి గాజు దాలెమ్మ తొడగాలి. ముత్తైదువ మార్కు ముత్తైదువే మనూళ్ళో ఉంటే ఇంకొకరు ఎందుకూ అని. పొగలో ఉండే మనిషిని పీట మీద కూచోబెట్టారు. ఆవిడకీ బాగానే ఉంది. ఎవరికి బాగోదు?

వాళ్ళకి ఒక్కతే కూతురు, సింహాచలం. ఆ పిల్లని ఎరకయ్య అనే అతనికి ఇచ్చారు. ఎరకయ్యకి తల్లీ తండ్రీ లేరు, సొంత ఊరూ లేదు, కొండ దిగువన గుమ్మడిగెడ్డ అనే ఊరు చేరి చిన్న కొట్టు పెట్టుకున్నాడు. బయటినుంచి వచ్చినవాళ్ళని ఆ ఊరివాళ్ళు అంత తొందరగా కలుపుకోరు. సింహాచలం నూతికాడికి వెళితే, అందరూ తోడుకున్నాక తోడుకోవాలి. పేరంటానికి పిలుపు ఉండేది కాదు. ఆ పిల్ల పుట్టింటికి వచ్చినప్పుడల్లా అది చెప్పుకుని ఏడ్చేది. దాలెమ్మ ఎప్పుడూ గుమ్మడిగెడ్డ వెళ్ళలేదు. గానుగ ఆడే రోజుల్లో తీరిక ఉండదు, గానుగ లేని రోజుల్లో కూతురే వచ్చేది. అంచేత, పేకెట్టు మీదది మా అమ్మే అని సింహాచలం చెప్పుకున్నా, ఆ ఊళ్ళో ఆవిడ మొహం ఆ పేకెట్టు మీద తప్ప ఎవరూ ఎరగరు.

ఒక ఏడు చెరకు నరుకుతుంటే గవిరయ్యని పాము కరిచింది. నోట నురగ, అంతే, మంచం మీదికి కూడా తేలేకపోయారు. కూతురూ అల్లుడూ వచ్చారు, కర్మలు అయ్యాయి, దాలెమ్మ బొట్టు చెరిపారు, గాజులు పగలగొట్టారు. సీమంతాలకి ఆవిడ చేత గాజులు తొడిగించుకున్న చేతులే ఆవిడ గాజులు పగలగొట్టాయి. దానికి ఎవర్నీ ఏమీ అనలేం. ఆచారం. అక్కడితో ఆగితే ఇది కథే కాదు, అలాంటివాళ్ళు ఊరికి ఎంతమంది లేరు?

ఇప్పుడు వినండి, ఇక్కడే ఉంది అంతా. ఎరకయ్య పెళ్ళాన్ని తీసుకుని గుమ్మడిగెడ్డ తిరిగి బయలుదేరాడు. దారిలో సంత ఉంటే, సింహాచలాన్ని ముందు ఇంటికి పంపి అతను ఆగాడు. అక్కడ ఆ ఊరి పెద్ద ముసలమ్మ సోములమ్మ కనపడింది. ఆ ఊళ్ళో మంచికీ చెడ్డకీ ఆవిడ మాటే మాట. అన్ని రోజులు కొట్టు మూసీసినావేటి నాయనా అని అడిగింది. ఎరకయ్య, మా అత్తకి పసుపు కుంకం పోయిందమ్మా అన్నాడు. అంటే మామ పోయాడని. తిన్నగా చెప్పరు కదా మనవాళ్ళు, అలాగే అంటారు. సంతలో ఎద్దుల గోల, కోళ్ళ గోల, పైగా సోములమ్మకి ఒక చెవి వినపడదు. ఆవిడకి ఎలా వినపడిందంటే, మా అత్త పసుపు కుంకంతో పోయిందమ్మా అని వినపడింది. చూశారా? ఒకటేమో మొగుడు పోయి ముండమోసిన మనిషి. రెండోదేమో మొగుడు బతికుండగా నిండు ముత్తైదువుగా పోయిన మనిషి, పేరంటాలు. కి ఒక అక్షరం, తో ఒక అక్షరం. నేను పెద్దవాణ్ణయ్యాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఒక్క అక్షరం తప్పు రాస్తే ఏం కొంప మునిగిపోతుందని మా పంతులుతో దెబ్బలాడేవాణ్ణి. ఇదిగో, ఇలా మునిగిపోతుంది.

మన వైపు ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు కదా. ముత్తైదువుగా పోయిన మనిషి ఊరిని కాస్తుంది, పిల్లల్ని కాస్తుంది, ఆవిడకి పసుపూ కుంకం పెట్టి పేరంటాలమ్మా అని కొలుచుకుంటాం. సోములమ్మ ఇంటికి వెళ్ళి నలుగురితో అంది. ముత్తైదువ మార్కు ముత్తైదువు పోయిందంట, అదీ పసుపు కుంకంతో పోయిందంట, మన సింహాచలం తల్లేనంట. ఎరకయ్య సంత చూసుకుని ఇంటికి వచ్చేసరికి కొట్టు ముందు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. గుమ్మానికి వేలాడే బెల్లం పేకెట్టుకి ఎవరో కుంకం పెట్టేశారు. సింహాచలం లోపల తండ్రికోసం ఏడుస్తోంది, వాళ్ళు తల్లికోసం ఏడుస్తోంది అనుకుని బయట ఏడుస్తున్నారు. ఎరకయ్యకి అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఇంతమంది ఏడుస్తుంటే ఇప్పుడేం చెప్తాం, రేపు చెబుదాం అనుకున్నాడంట. మర్నాడు నూతికాడ సింహాచలానికి దారి ఇచ్చారు. ముందు నువ్వు తోడుకో తల్లీ అన్నారు. ఆ పిల్ల ఇంటికి వచ్చి ఆ సంగతి మొగుడికి చెప్పింది. ఇంక ఆ రేపు రాలేదు.

తరవాత సోములమ్మ మనవడికి జ్వరం వచ్చి ఎంతకీ దిగలేదంట. ముసల్ది ఆ పేకెట్టు బొమ్మ కత్తిరించి గోడకి అంటించి, ముందు బెల్లం ముక్క పెట్టి, తగ్గితే గుడి కట్టిస్తానని మొక్కింది. తగ్గింది. జ్వరం అన్నాక తగ్గదా? కానీ ఆ మాట ఎవరు అంటారు? ఇటు మన వైపేమో కొట్లవాళ్ళు పేకెట్లు వెనక్కి పంపేస్తున్నారు. ముండమోసిన దాని మొహం మీద అంత బొట్టేటి, శుభానికి ఆ బెల్లం ఎలా వాడతాం అని. శెట్టి తల పట్టుకుని కూచున్నాడు. అప్పుడు అతనికి ఈ గుమ్మడిగెడ్డ సంగతి చెవిన పడింది. వచ్చాడు, చూశాడు. చేతులు జోడించాడు. గుడికి ఇటుకా సున్నం తోలించాడు. పట్నం వెళ్ళి పేకెట్టు మీద బొమ్మ కింద ఇంకో ముక్క అచ్చేయించాడు, పేరంటాలమ్మ దీవెన అని. ఎరకయ్యకి ఆ చుట్టుపక్కల బెల్లం అమ్మకమంతా అప్పజెప్పాడు. అప్పటినుంచి ఆ గుడిని బెల్లం పేరంటాలు గుడి అంటారు.

నేను ఊరుకున్నానా? ఊరుకోలేదు. పని మీద అటు వెళ్ళి, గుడి ముందు నిలబడి, ఈవిడ బతికే ఉంది, మా ఊళ్ళో మా పక్కింట్లో పొయ్యి ఊదుకుంటోంది అన్నాను. నలుగురు మగాళ్ళు వచ్చారు. నీకు చదువొచ్చా అన్నారు. వచ్చు అన్నాను. అయితే ఇది చదువు అని పేకెట్టు నా చేతికి ఇచ్చారు. కూడబలుక్కుని చదివాను, పే రం టా ల మ్మ దీ వె న అని. చూశావా, నువ్వే చదివావు కదా, బతికున్న మనిషిని పేరంటాలు అని అచ్చేస్తారా అన్నారు. సింహాచలాన్ని పిలవండి అన్నాను. ఆ పిల్ల తలుపు వెనకనుంచి నన్ను చూసింది. బయటికి రాలేదు. మీ ఊరివాళ్ళకి కుళ్ళు, మీ ఊరి దేవతని మేం కొలుచుకుంటున్నామని అన్నారు. వచ్చేశాను.

వచ్చి దాలెమ్మకి చెప్పాను. ఆవిడ మొదట నవ్వింది. నన్నా, నాకా గుడి అని పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, ఔనా, అందుకేనా నా కూతురు గుంట ఇటు రావడం మానీసింది అంది. అప్పటికే ఆవిడకి పొయ్యి దగ్గర పని లేదు. వయసు మీద పడింది, గవిరయ్య లేడు, కొత్త వంటవాడు తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. కూతురికి నెలలు నిండుతున్నాయని ఎవరి ద్వారానో తెలిసింది. ఇంక ఆగలేదు. తాటాకు బుట్టలో కూతురికి ఇష్టమైన ముద్దబెల్లం పెట్టుకుని బయలుదేరింది.

గుమ్మడిగెడ్డ చేరేసరికి గుడి ముందు ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఈవిడ తొంగి చూసింది. లోపల రంగులు వేసిన పెద్ద పటం, తనదే, పచ్చ చీర, నత్తు. పక్కనున్న ఆడమనిషితో, అది నానే అమ్మా అంది. ఆ మనిషి ఈవిడ మొహంలోకి చూసి, అమ్మకి ఇలాంటి పన్ను నేదు అని మొహం తిప్పుకుంది. ఈవిడ ఇంకా ముందుకి వెళ్ళబోయింది. సోములమ్మ కర్ర అడ్డం పెట్టింది. పేరంటాలు ఎదట బోసి మొహం పెట్టుకు వస్తారేటే, ఎనక్కి జరుగు అంది. తన గుడి ముందునుంచి తనని నెట్టేశారు. ఆ గలాటాకి కొట్లోంచి సింహాచలం వచ్చింది, నిండు నెలలు దగ్గర పడుతున్న మనిషి. చూసింది. తల్లి చూసింది. తల్లి బుట్ట కింద పెట్టి రెండు చేతులూ చాపింది. ఊరంతా చూస్తోంది.

ఎవరే ఈవిడ, నీకు తెలుసా అని సోములమ్మ అడిగింది.

సింహాచలం ఒక అడుగు వెనక్కి వేసిందంట. "మా పిన్ని" అంది. "మా అమ్మ చెల్లి."

దాలెమ్మ చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఆవిడకి చెల్లెళ్ళు లేరు.

లోపలికి తీసుకెళ్ళి కూతురు తల్లి కాళ్ళు పట్టుకుంది. ఏడ్చింది. ఇన్నాళ్ళూ నన్ను కుక్కలాగ చూసిన ఊరమ్మా, ఇప్పుడు మంచినీళ్ళు అడిగితే పాలిస్తున్నారు, నిజం తెలిస్తే దేవతని ఎగతాళి చేశామని ఊరవతలికి తరిమేస్తారు, కడుపుతో ఉన్నాను, పురుడు పోసుకున్నాక నేనే నోరు విప్పుతాను అంది. ఎరకయ్య తల వంచుకుని నిలబడ్డాడు. ఇదంతా నాకు తరవాత దాలెమ్మే చెప్పింది. ఆవిడకి కోపం రాలేదంట. కూతురి పొట్ట చూసింది. సరే, పురుడు దాకానే కదా అంది. కూతురు నోట అమ్మా అనే మాట వినాలని, అంతే ఆవిడ పట్టుదల. ఇంక వేరే ఏమీ అక్కర్లేదు, గుడి అక్కర్లేదు, బెల్లం అక్కర్లేదు.

పురుడు వచ్చింది. ముండమోసిన మనిషి పురిటి గదిలోకి రాకూడదని బయట కూచోబెట్టారు. లోపల నొప్పులు పడుతూ సింహాచలం అమ్మా అమ్మా అని అరిచింది. నొప్పులప్పుడు అందరూ అరుస్తారు, అనుకో. దాలెమ్మ లేచి తలుపు దాకా వెళ్ళింది. అమ్మ చూసుకుంటాది, నువ్వెందుకు పిన్నీ, కూచో అన్నారు మంత్రసానులు. ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు చెప్పవే అంది తల్లి. బారసాల కానీ అంది కూతురు. బారసాల నాడు ఏం చేశారంటే, పోయిన అమ్మమ్మ పేరు పెట్టాలి కదా, దాలెమ్మ అని పెట్టేశారు. పేరు కూడా తీసేసుకున్నారు చూడండి. ఆ రోజునుంచి వీధిలో ఎవరైనా ఒలే దాలీ అని పిలిస్తే, పిల్ల కంటే ముందు ఈవిడ ఆఁ అనేది. జనం నవ్వేవారు. పిన్నికి మతి పోతోంది అనేవారు. ఇప్పుడు చెప్పవే అంది తల్లి. పిల్ల పుట్టెంటికలు తీయనీ అంది కూతురు. ఆ తరవాత గుడికి జాతర చేస్తారు కదా, ఆ తీర్థం కానీ అంది. అలా కానీ కానీ అంటూనే పిల్లకి మాటలు వచ్చేశాయి. ఆ పిల్ల పటం ముందు నిలబడి అమ్మమ్మా అని దండం పెట్టేది. ఇంట్లోకి వచ్చి ఈవిడ ఒళ్ళో కూచుని చిన్నమ్మమ్మా అనేది.

మీరు అడగొచ్చు, వెనక్కి వచ్చెయ్యొచ్చు కదా అని. నేనూ అడిగాను. వచ్చేస్తే అది ఎప్పటికీ అమ్మా అని పిలవదు బావూ, కళ్ళెదట ఉంటే ఏనాడో ఒకనాడు నోరు జారుతుంది అంది. దానికోసం గుడి వాకిలి ఊడ్చింది. లోపలికి పోనిచ్చేవారు కాదు, ప్రసాదం ముట్టనిచ్చేవారు కాదు. వాకిలి మాత్రం ఆవిడదే. పటం లోపల నవ్వుతూ ఉండేది, ఆవిడ బయట వొంగుని ఊడ్చేది.

ఒక ఏడు తీర్థానికి శెట్టి బళ్ళ నిండా బెల్లం తోలించుకుని వచ్చాడు. దాలెమ్మ చీపురు పక్కన పెట్టి అతనికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. శెట్టిగారూ, నన్ను గుర్తుపట్టలేదా అంది. అతను చూశాడు. నిదానంగా చూశాడు. గుర్తుపట్టకపోవడం ఏమిటండీ, ఆ మొహం మీదే కదా అతని బతుకంతా. చుట్టూ జనం చేరారు. శెట్టి చేతులు జోడించి, చాలా మెత్తగా అన్నాడు. "మీ అక్క పోలికలు బాగా ఉన్నాయమ్మా నీకు." అని ఒక చీర ఇప్పించాడు. జనం శెట్టి మంచితనానికి మురిసిపోయారు.

ఆ రోజే ఆవిడకి తిక్క వచ్చింది. బొట్టు లేకే కదా గుర్తుపట్టడం లేదు అనుకుంది. ఇంట్లోకి వెళ్ళి మొహానికి పసుపు రాసుకుంది, కుంకం తీసి ఇంత బొట్టు పెట్టుకుంది. మొగుడు పోయిన ఆడది బొట్టు పెట్టుకోవడం అంటే మాటలా? చంపేసినా చంపేస్తారు. చంపనీ అనుకుంది. అలాగే వచ్చి తీర్థం మధ్యలో, గుడి మెట్టు మీద నిలబడింది. ఒక్కసారి డప్పులు ఆగిపోయాయి. ఆడవాళ్ళు ఈవిణ్ణి చూశారు, లోపల పటాన్ని చూశారు, మళ్ళీ ఈవిణ్ణి చూశారు. గుర్తుపట్టారు. నిజంగా గుర్తుపట్టారండీ. గుర్తుపట్టి ఏం చేశారంటారు? సోములమ్మ కర్ర పారేసి ఈవిడ కాళ్ళమీద పడింది. పిన్ని మీదికి అమ్మ వచ్చీసింది అంది. పూనకం అనుకున్నారు! అంతే, జనమంతా కాళ్ళమీద.

దాలెమ్మ, నేను దాలెమ్మని అంది. అవును తల్లీ, నువ్వే అన్నారు. నేను చావలేదు అంది. నీకు చావేటమ్మా అన్నారు. నేను బతికే ఉన్నానర్రా అంది. ఎప్పుడూ ఉంటావు తల్లీ, మమ్మల్ని కనిపెట్టుకుని ఉంటావు అన్నారు. సింహాచలం నా కూతురు అంది. ఆ పిల్లని ముందుకి తోశారు, పిలుస్తోందే, వెళ్ళు, దండం పెట్టు అని. సింహాచలం అందరితోపాటు కాళ్ళమీద పడింది. ఆవిడ కూతురి గెడ్డం పట్టుకుని లేపి, అమ్మా అనవే, ఒక్కసారి అను అంది. జనమంతా ఒక్కసారి అమ్మా అన్నారు. ఆ గోలలో సింహాచలం అన్నదో లేదో తెలీలేదు. దాలెమ్మకీ తెలీలేదు. ఇంక ఏ మాట మిగిలింది చెప్పండి ఆవిడకి? ఏది అన్నా అది దేవత మాట అయిపోతోంది. నిజం చెప్పడానికి ఇంక మాట లేదు. మెట్టు మీద కూలబడి ఏడ్చింది. అమ్మ శాంతిస్తోంది అని పసుపు నీళ్ళు తెచ్చి తల మీద పోశారు. కాసేపటికి సోములమ్మ వచ్చి, అమ్మ దిగిపోయింది, ఇంక ఈవిడ పిన్నే, బొట్టు ఉంచకూడదు అని తడిగుడ్డతో నుదురు తుడిచేసింది. రెండోసారి బొట్టు చెరిపారు ఆవిడకి.

అప్పటినుంచి మాట్లాడటం మానేసింది. నేను ఒకసారి వెళ్ళాను, దాలీ ఇంటికి పోదాం పద అన్నాను. నా వైపు చూసింది కానీ, ఎవరు పిలుస్తున్నారో అన్నట్టు చూసింది. వాకిలి ఊడుస్తూనే ఉంది. తరవాతి చలికాలం దగ్గు పట్టుకుంది, పొగ ఎప్పుడో లోపల చేరింది కదా. పోయింది. కూతురు ఒళ్ళో తల పెట్టుకునే పోయిందంట. పోయేముందు ఏమైనా అన్నదా అని సింహాచలాన్ని అడిగాను. ఏమీ అనలేదు బాబాయ్, నా నోటి వైపు చూస్తూ ఉండిపోయింది అంది.

శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. కబురొస్తే నేనూ వెళ్ళాను. మన వైపు శోకం ఎలా పెడతారో తెలుసు కదా, వరస పెట్టి పిలుస్తూ ఏడుస్తారు. ఆ వరస విని దారిన పోయేవాడికి కూడా తెలుస్తుంది, ఎవరికి ఎవరు పోయారో. సింహాచలం తల్లి గుండెల మీద పడి, ఓ పిన్నీ, నన్నొదిలి పోయావా పిన్నీ, నా చేతి ముద్ద తినకుండా పోయావా పిన్నీ అని ఏడుస్తోంది. ఊరి ఆడవాళ్ళు ముచ్చటపడుతున్నారు, పిన్నికోసం ఇంత ఏడుస్తోంది, మంచి పిల్ల అని.  పాడె కట్టారు. లేపారు. నాలుగడుగులు వేశారో లేదో, వెనకనుంచి ఒక్క కేక, అమ్మా అని. మామూలు కేక కాదు అది. దూడ తప్పిపోయిన ఆవు కూడా అలా అరవదు. అమ్మా, నా అమ్మే, నా కన్నతల్లే అని సింహాచలం జుట్టు విరబోసుకుని పాడె వెంట పరిగెత్తుకొస్తోంది.

అంతమందీ ఆగారు. పాడె మోసేవాళ్ళు కూడా ఆగారు. ఇంక చెప్పేసింది, నిజం బయటపడిపోయింది అనుకున్నాను నేను. అప్పుడు అంతమందీ ఏం చేశారంటే, చేతులు జోడించి గుడి వైపు తిరిగారు. సోములమ్మ ఆ పిల్ల రెండు భుజాలూ పట్టుకుని, పాడె వైపు ఉన్నదాన్ని గిర్రున గుడి వైపు తిప్పింది. "పిలు తల్లీ, పిలు. కష్టంలో అమ్మ కాక ఎవరు పలుకుతారు?" అంది. ఆ పిల్ల పటం వైపు తిరిగి అమ్మా అమ్మా అని అరుస్తోంది. వెనకాల పాడె వెళ్ళిపోయింది.

అంతే. పిన్ని పోతే పెద్ద మైల ఉండదు కదా, స్నానాలు చేసి సాయంత్రానికి గుడి తలుపు తీసేశారు. పొరుగూరి నుంచి వచ్చినవాణ్ణని నా చేతిలోనూ ప్రసాదం పెట్టారు. ఆకలిమీద ఉన్నాను, తిన్నాను. బాగానే ఉంది. బెల్లం తప్పేముంది? మీరు ఇళ్ళకి వెళ్ళి ఆ పేకెట్టు తీసి చూస్తారు, నాకు తెలుసు. చూస్తే చూడండి కానీ దండం మాత్రం పెట్టకండి. పెడతారు. చెప్తే ఎవరు విన్నారు?